పాదరసం పట్టిన చేతులు

తెక్కలకోటలో పళ్ళ డాక్టర్ గారి దగ్గర పనికి చేరిన మూడో రోజే నా అరచేతిలోకి పాదరసం వచ్చింది. ఆయన చిన్న గాజు కల్వంలో వెండి పొడి పోసి, దాని మీద పాదరసం సీసాలోంచి నాలుగు చుక్కలు వేసి నూరమన్నారు. నూరాను. కాసేపటికి బూడిదరంగు ముద్ద అయింది. దాన్ని పల్చటి గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండమన్నారు. పిండితే గుడ్డ సందుల్లోంచి తెల్లటి పూసలు ఒక్కొక్కటే బయటికొచ్చి, నా అరచేతిలో ఒకదాన్నొకటి కలుపుకుని పెద్ద పూసయ్యాయి. చల్లగా ఉంది. అంత చిన్న పూసకి అంత బరువేమిటా అని ఆశ్చర్యపోయాను. మిగిలిన ముద్దను డాక్టర్ గారు కుర్చీలో ఉన్న రైతు పుచ్చుపన్నులో కూరి, ఇవాళంతా ఆ పక్క నమలవద్దని చెప్పి పంపేశారు.

ఆ పని నాకు నచ్చింది. మాది బళ్లారి వైపు హచ్చొళ్ళి. మా అమ్మ, మా అక్క, నేను ముగ్గురం కాలువ కింద మళ్ళలో నాట్లేసిన వాళ్ళం. పదో తరగతి దాకా కన్నడంలో చదివాను. తెలుగు రాయడం మాత్రం సెలవులకు ఆదోని దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు నేర్చుకున్నాను. పెళ్ళయి తెక్కలకోట వచ్చాక, మా ఆయన హమాలీగా ఉన్న రైస్ మిల్లులోనే బస్తాలు కుట్టే పనికి పోయేదాన్ని. బస్టాండు దగ్గర క్లినిక్‌లో ఆడమనిషి కావాలన్నారని తెలిసి వెళ్ళి అడిగాను. కాళ్ళు తడవని పని, ఫ్యాను కింద పని. నెల తిరిగేసరికి ముద్ద ఎంత మెత్తగా ఉండాలో డాక్టర్ గారు చెప్పకుండానే నా వేళ్ళకు తెలిసిపోయింది. ఆయన చెయ్యి చాపితే ముద్ద తయారుగా ఉండేది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు దాన్ని వెండి సిమెంటు అనేవారు. గట్టిగా ఉండేది, ఏళ్ళ తరబడి ఊడేది కాదు. మా పేషెంట్లకు అదే కావాలి.

ఆ రోజుల్లో మేం ఆ ముద్దతో ఎలా మెలిగామో ఇప్పుడు దాచను. పన్నులో పెట్టగా మిగిలిన తునకల్లో సగం, ఉమ్మేసే గిన్నెలో పడి నీళ్ళతో పాటు వీధి కాలువలోకి పోయేవి. పాత సిమెంటు తవ్వి తీసినప్పుడు వచ్చే పొడీ అటే పోయేది. పాదరసం కింద పడితే నేను చీపురుతో ఊడ్చేదాన్ని. ఊడ్చేకొద్దీ అది ఇంకా చిన్న చిన్న పూసలై గచ్చు పగుళ్ళలోకి దూరేది. సాయంత్రం గిన్నెలో బ్లీచింగ్ పొడి చల్లి కడిగి, శుభ్రం చేశానని సంతోషపడేదాన్ని. కల్వంలో మిగిలిన ముక్కలు మాత్రం డాక్టర్ గారు పారేయనిచ్చేవారు కాదు. వెండి ఉంటుంది కదా, ఉండనీ అనేవారు. వాటిని ఒక గాజు సీసాలో వేసి కిటికీలో పెట్టేదాన్ని. పొద్దున ఎండ నేరుగా ఆ సీసా మీద పడేది. మూత సగమే బిగించి ఉండేది.

ఆయన చెడ్డ డాక్టర్ కాదు. చాలా మంచి చెయ్యి. తనకు చదువు చెప్పినవాళ్ళు ఎలా చేశారో అలాగే చేశారు. నాకు ఆయన ఎలా చెప్పారో నేనూ అలాగే చేశాను.

నాలుగేళ్ళ తర్వాత ఒకరోజు, పండగకని పెట్టెలోంచి తీసి వేలికి పెట్టుకుని పనికి వెళ్తే, నా ఉంగరం తెల్లబడింది. పెళ్ళికి మా అమ్మ పెట్టిన ఒకే ఒక్క బంగారు వస్తువు అది. ఒక పక్కంతా వెండిలా మారిపోయింది. చింతపండు పెట్టి తోమాను, బూడిద పెట్టి తోమాను. పోలేదు. మా అత్త చూస్తే బంగారాన్ని వెండికి మార్చి తెచ్చానంటుందని భయపడి, క్లినిక్ వెనక వీధిలో ఉన్న కంసాలి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నలభై దాటిన మనిషి. కాళ్ళ గొలుసులు, ముక్కుపుడకలు చేయడంలో చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్నవాడు. ఒక్కడే కూర్చుని పని చేసుకునేవాడు. ఉంగరం చూడగానే నవ్వి, పాదరసం ముట్టుకున్నావా అని అడిగాడు. ముట్టుకోవడమే నా పని అన్నాను. వాకిట్లో కుంపటి మీద పెట్టి కాస్త వేడిచేస్తే తెలుపు పోయింది. మళ్ళీ మెరుగు పెట్టి ఇచ్చి, ఇకమీదట పనిలోకి వెళ్ళేటప్పుడు తీసి ఇంట్లో పెట్టమన్నాడు.

అప్పుడే మాటల్లో మాటగా కిటికీలో ఉన్న సీసా సంగతి చెప్పాను. ఆయన చేతిలో పని ఆపాడు.

"దాంట్లో వెండి ఉండాది పాపా. ఉత్తగా యాల పెట్టుకున్నారు? మీ సార్‌ను అడిగి నాకు తెచ్చియ్యి. కరిగించి తీస్తా. నీకొక జత మెట్టెలు చేసిస్తా."

డాక్టర్ గారిని అడిగాను. ఆయన ఒక పేషెంటు పన్ను చూస్తూనే, ఇచ్చెయ్యి, ఇక్కడ పెట్టుకుని ఏం చేస్తాం అన్నారు. ఆ మధ్యాహ్నమే సీసా పట్టుకెళ్ళి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. మెట్టెలు ఎలాంటివి కావాలో కూడా చెప్పి వచ్చాను. ఈ సంగతి రాయకపోతే మిగతాదంతా రాయడంలో అర్థం లేదు.

వారం రోజులు ముసురు పట్టింది. ఆ ముసురులోనే ఒక పొద్దున కంసాలి సీసాలోని ముక్కలన్నీ మూసలో వేసి నిప్పుల మీద పెట్టాడు. వాకిట్లో జల్లు కొడుతోందని వెనక గదిలోకి పోయి, గాలికి నిప్పు చెదరకుండా తలుపు వేసుకున్నాడు. ఆయన భార్య ఆ సమయానికి రేషన్ అంగడి దగ్గర వరసలో ఉంది. పాదరసం ఆవిరికి వాసన ఉండదు, పొగలా కనిపించదు. ఆయన మంచి పనివాడు కాబట్టి వెండి కరిగేదాకా ఓపికగా కూర్చున్నాడు. ఆ ఓపికే ప్రాణం మీదికి తెచ్చింది.

సాయంత్రానికి నోరంతా ఇనుము నాకినట్టుందన్నాడట. దగ్గు, చలి, జ్వరం. వానలో తడిసినందుకేనని ఇంట్లో కషాయం కాచి ఇచ్చారు. తెల్లారేసరికి ఊపిరి అందలేదు. జీపు మాట్లాడి బళ్లారి తీసుకుపోయారు. నేను క్లినిక్ తలుపు తీస్తుంటే వాళ్ళ పక్కింటామె వచ్చి ఈ కబురు చెప్పింది. నిన్న ఆయన ఏం పనిలో ఉన్నాడని అడిగాను.

"మీ సీసానే కరిగిస్తాండె కదా," అంది ఆమె.

  పాదరసం విషమని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఉంగరం మీద తెలుపు వేడికి ఎటుపోయిందో ఆ క్షణంలో అర్థమైంది. అది మాయం కాలేదు, గాలిలోకి పోయింది. ఉంగరం మీద ఉన్నది చిటికెడు. సీసాలో ఉన్నది నాలుగేళ్ళది.

డాక్టర్ గారు రాగానే చెప్పాను. ఆయన బ్యాగు కూడా కింద పెట్టలేదు. బయట కూర్చున్న ఇద్దరు పేషెంట్లకు రేపు రమ్మని చెప్పి, కారు తీసి, నన్నూ ఎక్కమన్నారు.  రోడ్డుకు రెండు పక్కలా వరిమళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. నాట్లు పడుతున్నాయి. ఆ బురదలోనే ఉండి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు కదా అనిపించింది.

ఆస్పత్రిలో కంసాలికి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఆయన భార్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వార్డులో ఉన్న డాక్టర్, న్యుమోనియాలా ఉంది, మందులు మొదలుపెట్టాం అన్నాడు. మా డాక్టర్ గారు ఎలా మొదలుపెట్టాలా అని తడబడుతున్నారు. నేను ముందుకు వచ్చాను. చదువుకున్నవాళ్ళ మధ్య మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

"ఆయప్ప నిన్న ఏం పని చేసినాడో మీకు ఎవురైనా చెప్పినారా సార్?"

కంసాలి పనే కదా అన్నాడాయన.

"పళ్ళల్లో నింపే ముద్ద కరిగించినాడు. తలుపులు ఏసుకోని. దాంట్లో సగం పాదరసమే ఉంటాది. ఆ సీసా ఇచ్చింది నేనే."

ఆ డాక్టర్ రాసుకుంటున్న కలం ఆగిపోయింది. నన్ను చూసి, మా డాక్టర్ గారిని చూశాడు. అప్పుడు మా డాక్టర్ గారు నన్ను పక్కకు తోసినంత పని చేసి ముందుకొచ్చారు.

"ఇచ్చింది ఆమె కాదు. అది నా క్లినిక్‌లోది. ఇమ్మన్నది నేను."

నేను ఆయన దగ్గర ఇన్నేళ్ళు ఉండిపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ తర్వాత వైద్యం దారి మారింది. రక్తం, మూత్రం పరీక్షకు పంపారు. ఒంట్లోంచి పాదరసాన్ని బయటికి లాగే మందు బెంగళూరు నుంచి తెప్పించారు. మూడు వారాలకు కంసాలి లేచి ఇంటికొచ్చాడు. బతికాడు. కానీ చేతులు వణికేవి. చిగుళ్ళు వాచాయి, ఊరికే కోపం వచ్చేది, నిద్ర పట్టేది కాదు. నెలలు గడిచేకొద్దీ మిగతావి తగ్గాయిగానీ, కుడిచేతి వణుకు పూర్తిగా పోలేదు. ముక్కుపుడకకు రాయి పొదిగే చెయ్యి అది. ఆయన భార్యే అంగట్లో కూర్చుని, హొసపేట నుంచి చేసిన నగలు తెప్పించి అమ్మడం మొదలుపెట్టింది. ఆయన పక్కన కూర్చుని నాణ్యం చూసి చెప్పేవాడు. ఆ వీధిలోకి పోవాలంటే నాకు మనసొప్పేది కాదు. ఎదురుపడితే ఆయన కూడా తల తిప్పుకునేవాడు.

కంసాలి ఆస్పత్రిలో ఉండగానే మా డాక్టర్ గారు నాలుగు రోజులు క్లినిక్ మూసేశారు. తన పాత క్లాసువాళ్ళకు, బెంగళూరులో పాఠాలు చెప్పేవాళ్ళకు ఫోన్లు చేసి, కాగితాలు తెప్పించి చదివారు. చదివింది నాకు కన్నడంలోనూ తెలుగులోనూ విడమరిచి చెప్పారు. ముందు కంసాలి వెనక గది సంగతి చూశాం. కిటికీ, తలుపు తెరిచిపెట్టి, ఎవర్నీ పోనీయకుండా కొన్ని వారాలు గాలి ఆడనిచ్చాం. ఆ మూసను, కుంపటిని, గీకి తీసిన నేల మట్టిని డబ్బాల్లోకి ఎత్తాం. మాస్కులు, చేతి తొడుగులు వేసుకుని మేమిద్దరమే చేశాం. కూలీలను పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు.

తర్వాత క్లినిక్. ఉమ్మేసే గిన్నె కింద పైపు విప్పించాం. వంపులో బురదలాంటిది పేరుకుని ఉంది. పైపు పనికి వచ్చినతను దాన్ని నేల మీద దులపబోతే ఆపి, కింద పళ్ళెం పట్టాను. ఆ బురదలో తునకలు మిలమిలా మెరుస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఇది వీధి కాలువలోకి, అక్కణ్ణుంచి మళ్ళలోకి ఎంత పోయిందో అన్నారు మా డాక్టర్ గారు. అప్పుడు నేనే అన్నాను, పోయింది తేలేం సార్, ఇకమీద పోనీకుండా చూసేది నాకు వదిలేయండి అని. ఆయన సరేనన్నారు. ఆ రోజు నుంచి ఆ పని నాది.

నా పద్ధతి ఇది. వెడల్పు మూతి ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు బిగింపు ఉన్న మూత. మిగిలిన ముక్క ఎంత చిన్నదైనా అందులోకే. మూత ఎప్పుడూ బిగించే ఉంటుంది, డబ్బా ఎండ తగలని అలమారలో ఉంటుంది. దాని మీద మూడు భాషల్లో నేనే రాశాను: పాదరసం ఉంది, తెరవవద్దు. గిన్నెలో సన్నటి జల్లెడ పెట్టించాం. దాంట్లో చిక్కింది కూడా డబ్బాలోకే. వెండి సిమెంటు ఉన్న పన్ను పీకితే, ఆ పన్నును మిగతా పళ్ళతో కలపను. బ్లీచింగ్ పొడి మానేశాం. అది పైపులో ఉన్న పాదరసాన్ని కరిగించి నీళ్ళలో కలుపుతుందట. నేను శుభ్రం అనుకున్నదే అన్నిటికంటే చెడ్డ పని. కల్వం, గుడ్డ కూడా పోయాయి. ముందే కొలిచి మూసిన గుళికలు వచ్చాయి, వాటిని మిషన్‌లో పెట్టి కలపడమే. ఖాళీ గుళికలకు వేరే డబ్బా.

ఒకసారి, కల్వం రోజుల్లో మిగిలిపోయిన పాదరసం సీసాను అలమారలో నుంచి తీస్తుంటే జారి పగిలింది. అప్పటికి నేర్చుకున్నది పరీక్షకు వచ్చింది. ఫ్యాను కట్టేసి, కిటికీలు తెరిచి, పేషెంట్లను బయట కూర్చోబెట్టాను. చెవి కమ్మలు, ఉంగరం తీసి పెట్టి, తొడుగులు వేసుకుని, రెండు అట్టముక్కలతో పూసలను ఒకచోటికి తోసి, సూది లేని సిరంజితో పీల్చాను. చిన్నవాటిని అంటుకునే టేపుతో అద్దాను. చీపురు ముట్టలేదు. డాక్టర్ గారు గుమ్మంలో నిలబడి చూశారుగానీ ఒక్క సలహా ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం లేకుండా చేశాను.

డబ్బాలైతే నిండుతున్నాయి. అవి ఎక్కడికి పోవాలి? ఆస్పత్రి చెత్త తీసుకెళ్ళే వ్యాను రెండు రోజులకోసారి మా వీధికి వస్తుంది. పసుపు సంచి, ఎర్ర సంచి ఇచ్చి సంతకం పెట్టడం నా పనే. ఒకరోజు వ్యాను డ్రైవర్ అలమారలో ఉన్న డబ్బాలు చూసి, అవి కూడా పసుపు సంచిలో వేసెయ్యక్కా, మీకు అడ్డం తప్పుతుంది అన్నాడు. సాయం చేయాలనే అన్నాడు పాపం.

"పసుపు సంచి యాడికి పోతాదప్పా?" అని అడిగాను.

"కాల్సేస్తారు. అంతా కాల్సేదే కదా."

"కాలిస్తేనే కష్టం. మా ఎనక వీధిలో ఒకాయప్ప కాల్సి సచ్చి బతికినాడు. నువ్వు దీన్ని తీసుకోనిపోయి కొలిమిలో ఏస్తే, ఆడ పనిచేసేవాళ్ళ ముక్కుల్లోకి పోతాది. ఈ డబ్బా నేనియ్యను."

"ఇదెల్ల నంగె గొత్తిల్ల అక్కా," అన్నాడు. ఇదంతా నాకు తెలియదక్కా అని. నిజమే, అతనికి ఎవరు చెప్పారు గనక. ఆ రోజు అతన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, కంసాలి కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అతను తర్వాత ఏ క్లినిక్‌కు వెళ్ళినా పసుపు సంచిలో పళ్ళ వెండి ఉందా అని అడగడం మొదలుపెట్టాడు. ఉందంటే నా ఫోన్ నంబరు ఇచ్చేవాడు. అలా చాలామందికి అది చేరింది.

పాదరసాన్ని మూసిన కొలిమిలో తిరిగి తీసే అనుమతి ఉన్న కంపెనీ ఒకటి ఉందని డాక్టర్ గారు కనుక్కున్నారు. కానీ ఒక్క క్లినిక్ డబ్బాల కోసం అంత దూరం నుంచి బండి పంపలేమన్నారు. ఆయన నిరాశపడ్డారు. నాకైతే దారి కనిపించింది. నాట్లకు కూలీలు కావాలంటే మా అమ్మ ఇంటింటికీ తిరిగి గుంపు కూడగట్టేది. నేనూ అదే చేశాను. ఆదివారాల్లో బస్సెక్కి సిరుగుప్ప, కంప్లి, బళ్లారిలో కొన్ని క్లినిక్‌లు తిరిగాను. డాక్టర్లతో కాదు, ముందు అక్కడ పనిచేసే ఆడవాళ్ళతో మాట్లాడాను. ముక్కలు ఎక్కడున్నాయో డాక్టర్ల కంటే వాళ్ళకే బాగా తెలుసు. ఒకామె సొరుగులో ఉంది అంది. ఒకామె తన కూతురు ఆడుకోవడానికి పాదరసం పూస ఇంటికి తీసుకుపోయానని చెప్పింది. ఆమెను ఏమీ అనలేదు. ఆమెతో పాటే ఇంటికి వెళ్ళి, అగ్గిపెట్టెలో ఉన్న పూసను మూత డబ్బాలోకి మార్చి, గది ఎలా శుభ్రం చేయాలో చూపించి, పిల్లను ఒకసారి డాక్టర్‌కు చూపించమని చెప్పి వచ్చాను. పిల్ల బాగానే ఉందని తర్వాత తెలిసింది.

తొలిసారి బండి వచ్చిన రోజు తొమ్మిది క్లినిక్‌ల వాళ్ళు డబ్బాలు తయారుగా పెట్టారు. బండితో వచ్చిన కంపెనీ అతన్ని నేను ఒకటే అడిగాను: మీరూ కాలుస్తారా? కాలుస్తామన్నాడు. కానీ అన్ని వైపులా మూసిన దాంట్లో. ఆవిరి బయటికి రాకుండా గొట్టంలోకి పోయి, చల్లబడి మళ్ళీ పాదరసం అవుతుందట. అడుగున వెండి మిగులుతుందట. రెండూ మళ్ళీ పనికొస్తాయి. కంసాలి చేయబోయిందీ అదే. ఆయనకు లేనిది ఆ గొట్టం.

ఆ ఏడాదే కంసాలి మా క్లినిక్‌కు వచ్చాడు. దవడ పన్ను సలుపుతోంది. వేరేచోటికి పోవచ్చు, కానీ వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి మెడకు గుడ్డ కట్టాను.  డాక్టర్ గారు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఆయనే నోరు విప్పాడు.

"నీ మీద కోపం లేదు పాపా. కొన్ని దినాలు ఉండె. ముప్పై ఏండ్లు నిప్పు ముందర కూసున్నోణ్ణి, నాకంతా తెల్సనుకున్నా. నువ్వు ఆ పొద్దు ఆస్పత్రిలో నోరు ఇప్పకపోతే నేను ఈ కుర్చీలో కూసునేవాణ్ణి కాదంట. మా ఇంటామె చెప్పింది."

 నేను ఏడవలేదు. పని మధ్యలో నేను ఏడవను. ఆయన పన్నులో డాక్టర్ గారు పాదరసం లేని తెల్ల సిమెంటు పెట్టారు. అది గట్టిపడేదాకా దాని మీద నీలం దీపాన్ని నేనే పట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ వీధిలో నేను తల ఎత్తుకునే నడుస్తున్నాను.

ఇప్పుడు మా క్లినిక్‌లో కొత్తగా వెండి సిమెంటు పెట్టడం మానేశాం. దాంతో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అవలేదు. ఈ చుట్టుపక్కల మనుషుల నోళ్ళలో మేం పెట్టినవి, మా ముందువాళ్ళు పెట్టినవి ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటే అరిగి, విరిగి మళ్ళీ కుర్చీ దగ్గరికి వస్తాయి. తవ్వి తీసిన ప్రతి ముక్కా డబ్బాలోకి చేరాలి. అందుకని గిన్నె పైపుకు, జల్లెడలో చిక్కని సన్నపొడిని కూడా అడుగున దించేసే పెట్టె ఒకటి బిగించాం. నిండితే మూత బిగించి ఆ పెట్టెనే పంపేస్తాం. కొత్తగా పనికి చేరే ఆడపిల్లలకు నేర్పమని డాక్టర్లు నన్ను పిలుస్తారు. మొదట్లో నా కన్నడం చూసి, నా తెలుగు చూసి నవ్వుకునేవాళ్ళు. పాదరసం చుక్కను నేలమీద నుంచి ఎలా ఎత్తాలో చేసి చూపించాక ఎవరూ నవ్వలేదు.

మొన్న కంపెనీ బండి వచ్చినప్పుడు కంప్లిలో వయసు మళ్ళిన ఒక పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన పని మానేసి క్లినిక్ ఖాళీ చేస్తున్నారు. ముందురోజు ఫోన్ చేసి, అలమారలో ముప్పై ఏళ్ళ నాటి పాదరసం సీసా ఉందమ్మా, బస్సులో పార్సెల్ చేసి పంపనా అని అడిగారు. వద్దు సార్, దాన్ని ముట్టుకోకండి, మేమే వస్తాం అన్నాను. వెళ్ళాక ఆయన సిగ్గుపడుతూ ఇంకో మాట చెప్పారు. తెలియక, నదిలో కలిపేద్దామని ఒకసారి సంచిలో పెట్టుకుని తుంగభద్ర వంతెన దాకా పోయి వెనక్కి వచ్చారట.

"మంచి పని చేసినారు సార్," అన్నాను. "ఆ నీళ్ళే కదా మన మళ్ళకు పారేది."

సీసా చుట్టూ గుడ్డ చుట్టి, పెద్ద డబ్బాలో నిలబెట్టి, మూత బిగించి, కాగితంలో ఆయన సంతకం తీసుకున్నాను. డబ్బాను ఎత్తబోయి ఆయన బరువుకు ఆగిపోయారు. కంపెనీ అతను, నేను చెరో పక్క పట్టుకుని బండిలోకి ఎక్కించాం. ఆయన గేటు దాకా వచ్చి, ఇంట్లోంచి పెద్ద భారం దిగింది అన్నారు. తర్వాత మేం పోవాల్సింది సిరుగుప్ప. అక్కడ మూడు క్లినిక్‌లు, పన్నెండు గంటలకల్లా వస్తామని చెప్పి ఉన్నాను. బండి డ్రైవర్ ఈ వైపు దారులకు కొత్త. నేను ముందు సీట్లో కూర్చుని, సందు దాటాక ఎడమకు తిప్పమని చెప్పాను.